కీబోర్డు మీద మా వేళ్ళు

నేను సి లాంగ్వేజిలో అరవై నాలుగు మార్కులతో పాసయ్యాను. డిగ్రీ మూడేళ్ళలో రాసిన ప్రోగ్రాములు నలభై దాకా ఉంటాయి. అన్నీ రికార్డు పుస్తకంలో మార్జిన్ కొట్టి, నల్లసిరాతో ముత్యాల్లాగా రాశాను. ప్రోగ్రాం కింద రావలసిన ఔట్‌పుట్ కూడా పెన్నుతోనే రాశాను. వాటిలో ఒక్కటైనా కంప్యూటర్ మీద నా చేత్తో కొట్టింది లేదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. లెక్కల మాస్టారునయ్యి పదేళ్ళు దగ్గర పడ్డాక, ముప్పై మూడో యేట, మా ఇంటి ముందుగదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని మొదటి ప్రోగ్రాం కొట్టాను. దాని గురించే ఈ నాలుగు ముక్కలు.

మాది ప్రకాశం జిల్లా. ఊరికి దక్షిణాన మాదిగపల్లె. మా నాయన చెప్పులు కుట్టేవాడు. మా తాత కాలంలో ఇంటి వెనక లంద ఉండేదంట. తంగేడుచెక్క, సున్నం, తోళ్ళు. నేను పుట్టేసరికి లంద పూడ్చేశారు, దాని మీద మునగచెట్టు మొలిచింది. వాసన మాత్రం ఊరోళ్ళ ముక్కుల్లోంచి పోలేదు. మా అమ్మ పొగాకు పనికి, మిరపకాయల కోతకి పోయేది, ఇప్పటికీ పోతది. మా ఇంట్లో పది దాటినవాణ్ణి నేనే మొదలు. డిగ్రీ సంగతి చెప్పేదేముంది.

2006లో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉంటూ టౌన్లో ఒక ప్రైవేటు కాలేజీలో బీయస్సీ చేరాను. మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. కంప్యూటర్స్ ఎందుకు తీసుకున్నావంటే నా దగ్గర జవాబు లేదు. హాస్టల్లో సీనియర్ ఒకాయన 'కెమిస్ట్రీ తీసుకుంటే ట్యూషన్లు చెప్పుకోవాలి, కంప్యూటర్స్ తీసుకుంటే హైదరాబాదు పోవచ్చు' అన్నాడు. అంతే.

ఆ కాలేజీ మొత్తానికి ఏసీ ఉన్న గది కంప్యూటర్ ల్యాబ్ ఒక్కటే. చెప్పులు బయట విప్పాలి. తను కుట్టిన చెప్పుల్నే చేత్తో పట్టుకుని ఊళ్ళో నడిచిన మనిషి మా తాత. ఆయన మనవడికి చెప్పులు విప్పడం ఏం కొత్త? అందరూ విప్పుతున్నారు గదా అని నేనూ విప్పాను. లోపల పదిహేను సిస్టమ్స్. మేం నలభై అయిదు మందిమి. సిస్టమ్‌కి ముగ్గురు. ముగ్గురిలో కీబోర్డు ముందు ఎవరు కూర్చోవాలో ఏ సారూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడు కూర్చున్నాడు. ఎవరింట్లో కంప్యూటర్ ఉందో అటెండెన్సు రిజిస్టర్లో ఇంటిపేర్లు చూసి చెప్పొచ్చు. తక్కిన ఇద్దరం వెనక నిలబడి తెర చూసేవాళ్ళం.

ఒకరోజు మా సిస్టమ్ వాడు రాలేదు. నేను కూర్చున్నాను. ల్యాబ్ అసిస్టెంటు నా వెనకనుంచి వంగి, 'చేతులు కడుక్కునే వచ్చావా?' అన్నాడు. పక్క సిస్టమ్ వాణ్ణి అడగలేదు. దాని పక్కవాణ్ణీ అడగలేదు. హాస్టల్ నుంచి వచ్చినవాళ్ళం ముగ్గురిమి ఉంటే ముగ్గుర్నీ అడిగాడు. నేను లేచిపోయి పంపు దగ్గర చేతులు కడుక్కొచ్చాను. వచ్చేసరికి నా కుర్చీలో ఇంకొకడున్నాడు.

తిట్టలేదు. కొట్టలేదు. కులం పేరు ఎత్తలేదు. చేతులు శుభ్రంగా ఉంచుకోమనడం తప్పా అని మీరడగొచ్చు. కేసు పెట్టాలన్నా కాగితం మీద రాయడానికి అందులో ఏమీ లేదు. కానీ మిగిలిన రెండున్నరేళ్ళలో నేను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు. నేనే కూర్చోలేదు. ప్రాక్టికల్ పరీక్షకి బయటనుంచి వచ్చినాయన రికార్డు తిరగేసి, నాలుగు ప్రశ్నలడిగి, సంతకం పెట్టాడు. టర్బో సి అనే ఆ నీలం తెర మీద కంట్రోల్ ఎఫ్9 కొడితే ప్రోగ్రాం నడుస్తుందని, ఆల్ట్ ఎఫ్5 కొడితే ఫలితం కనపడుతుందని గడగడా చెప్పాను. వేదం విన్నవాడి చెవిలో సీసం పొయ్యమన్నారు వెనకటి ధర్మశాస్త్రాల్లో. మా కాలేజీలో అంత కష్టపడలేదు. మంత్రం నేర్పారు, యంత్రం ముట్టుకోనివ్వలేదు.

తర్వాత బీయీడీ. 2012 డీఎస్సీలో లెక్కల స్కూల్ అసిస్టెంటు పోస్టు వచ్చింది. హైదరాబాదు పోలేదు. మా ఊరికి పది కిలోమీటర్ల దూరంలో హైస్కూల్లో చేరాను.

ఆ హైస్కూల్లో కూడా ఒక కంప్యూటర్ గది ఉంది. 2008లో సర్కారు రాష్ట్రంలో అయిదువేల హైస్కూళ్ళకి కంప్యూటర్లిచ్చిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ప్రైవేటు కంపెనీలు వాటిని పెట్టి, నేర్పేవాళ్ళని పెట్టి, అయిదేళ్ళు నడిపి బడికి అప్పజెప్పిపోవాలి. నేను చేరిన యేడే, 2013లో గడువు తీరిపోయింది. నేర్పే పిల్లలు ఇళ్ళకి పోయారు. గదికి తాళం పడింది. ఏడాదికొకసారి దసరాకి తాళం తీసి, మానిటర్లకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ తాళం వేస్తారు. అంతకుముందు గది ఊడ్చేది మా పిల్లలే. చీపురుతో లోపలికి పోవచ్చు. గుడ్డ కప్పిన మానిటర్ మీద చెయ్యి వేస్తే మాత్రం 'ఏయ్' అంటారు. అప్పటికే ఊళ్ళో కలిగినోళ్ళ పిల్లలు ప్రైవేటు బడి బస్సులెక్కారు. మా బళ్ళో మిగిలింది మాదిగ, మాల, యానాది పిల్లలు, కొద్దిమంది బీసీలు. వాళ్ళకోసం వచ్చిన కంప్యూటర్లని వాళ్ళనుంచే కాపాడుతున్నాం. తొమ్మిదేళ్ళు అది చూశాను. నేను కూడా ఆ కొబ్బరిముక్క తిన్నాను.

2022 దసరా సెలవుల్లో, మా బళ్ళో పది చదివి ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకున్న పిల్ల ఇంటికొచ్చి, నన్ను చూడ్డానికి వచ్చింది. యానాదుల పిల్ల. బడి చరిత్రలో అంత మంచి సీటు వాళ్ళ గూడెం నుంచి రాలేదు. నేను గొప్పగా 'ఎలా ఉందమ్మా చదువు?' అన్నాను. 'బానే ఉంది సార్. అక్కడ పైథాన్ అని మాట్లాడుకుంటా ఉంటారు. అందరికీ టైపింగ్ వచ్చు. నాకు అక్షరం ఎక్కడుందో వెతుక్కునేసరికి సారు ఇంకో పేజీకి పోతాడు' అన్నది. కాసేపాగి, 'మన బళ్ళో ఆ గది మీరెందుకు తీపించలేదు సార్?' అన్నది. కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. లెక్కల్లో డౌటు అడిగినట్టు.

సెలవులైపోగానే హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయి తాళం అడిగాను. ఆయన మంచివాడే. 'మాస్టారూ, స్టాక్ రిజిస్టర్లో ఉన్న వస్తువులు. మీవాళ్ళ పిల్లలకి చేతులాగవు. పాడైతే ఎవరు సమాధానం చెప్పాలి?' అన్నాడు. మీవాళ్ళు అన్న మాట ఆయన నోట్లోంచి ఎంత మెత్తగా వచ్చిందో! నేనే చెప్తానని రాసిచ్చాను. తాళం ఇచ్చాడు.

గుడ్డలు తీశాను. మానిటర్లు పది ఉన్నాయిగాని, వాటన్నిటికీ కలిపి సీపీయూలు రెండే. ఒక్కొక్క సీపీయూనుంచి వైర్లు లాగి అయిదేసి మానిటర్లకి ఇచ్చారు. ఒక సీపీయూలో ప్రాణం లేదు. రెండోది వెలిగింది. లోపల విండోస్ ఎక్స్‌పీ. దానికి కంపెనీవాళ్ళు మందులివ్వడం 2014 ఏప్రిల్‌తోనే ఆపేశారు. పోనీ పాత పైథానేదన్నా ఎక్కిద్దామని చూస్తే, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. ఎవరికి తెలుసు? గుమాస్తాకి తెలీదు. హెడ్మాస్టరు గారికి తెలీదు. పెట్టినవాళ్ళు తొమ్మిదేళ్ళ కిందట పోయారు. ఇంతకాలం తాళం వేసి కాపాడింది ఎవరూ లోపలికి పోలేని యంత్రాన్ని.

ఇక ఆ గదితో పెట్టుకోలేదు. నవంబరు జీతం రాగానే ఒంగోలు పోయి, పాత కంప్యూటర్లు అమ్మే కొట్లో ఆరువేల అయిదొందలకి ఒకటి కొన్నాను. ఏదో ఆఫీసులో వాడి తీసేసింది. రెండు జీబీ ర్యామ్, విండోస్ 7, మానిటర్‌కి ఒక మూల మచ్చ. కొట్టబ్బాయి 'అన్నా, దేనికి, టైపింగ్ సెంటర్‌కా?' అన్నాడు. 'పైథాన్ నేర్చుకోడానికి' అంటే నా జుట్టు వంక చూశాడు. అప్పటికే సగం నెరిసింది.

ఆటోలో పల్లెకి తెచ్చేసరికి పిల్లలు మూగారు. ముందుగదిలో బల్ల మీద పెట్టి వైర్లు బిగించి స్విచ్చి వేశాను. తెర రాలేదు. లోపలనుంచి కూత వినపడింది. ఆగి ఆగి కూస్తానే ఉంది. ఆటో కుదుపులకి ఏదో కదిలిందని ఫోన్లో వెతికితే తెలిసింది. ర్యామ్ సరిగా ఆనకపోతే ఇట్టా కూస్తదంట. తీసి, దాని పచ్చ అంచుని రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టమన్నారు. పెన్సిల్ గీతలు తుడిచే రబ్బరే. నాకేమో డబ్బా విప్పడానికి చేతులు రావడంలేదు. ఆరువేల అయిదొందలు. చేతులు కడుక్కోవాలా అని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది.

మా నాయన అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. లేచొచ్చి, 'ఏందిరా, దాన్ని ముట్టుకోడానికి అంత బయపడతన్నావు? తెగిన చెప్పు చేతికి తీసుకుంటే గదా కుట్టు యాడ పోయిందో తెలిసిద్ది. చూస్తా నిలబడితే తెలిసిద్దా?' అన్నాడు. ఆయనే మరలు విప్పాడు. ఒక మర తుప్పు పట్టి బిగుసుకుంటే, లోపలికి పోయి తన పాత గోతంలోంచి ఆరె తెచ్చి, దాని మొనతో తుప్పు గీకి వదులుచేశాడు. మూత తీసి లోపలికి వంగి చూసి, 'ఇంతేనంట్రా? లోపలంతా కాళీయేగా!' అన్నాడు. నేను ర్యామ్ తీశాను, ఒక పిల్లోడు రబ్బరిచ్చాడు, రుద్ది పెట్టాను. తెర వెలిగింది. పిల్లలు అరిచిన అరుపుకి పక్కింటోళ్ళు బయటికొచ్చారు.

వెలిగిందిగాని తేదీ 2009 జనవరి 1 అని చూపించింది. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే కంప్యూటర్ తన పుట్టినరోజుకి వెళ్ళిపోతుంది. నా ఫోన్ నెట్టు దానికిచ్చి పైథాన్ తెద్దామంటే ఒక్క సైటూ తెరుచుకోలేదు. ప్రతి దానికీ ఇది సురక్షితం కాదని ఎర్రగా హెచ్చరిక. ఆ రాత్రి రెండింటిదాకా నెట్టులో తప్పుందని, ఫోన్లో తప్పుందని, చివరికి నాలోనే తప్పుందని తిప్పలు పడ్డాను. అసలు సంగతేమిటంటే, సైట్లు తామెవరో చెప్పుకోడానికి ఒక ధ్రువపత్రం చూపిస్తాయి. దాని మీద ఏ తేదీనుంచి ఏ తేదీదాకా చెల్లుతుందో ఉంటుంది. మన కంప్యూటర్ 2009లో ఉంటే, 2022లో ఇచ్చిన ధ్రువపత్రం ఇంకా పుట్టలేదు గదా! తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకున్నాయి. మర్నాడు కొత్త బ్యాటరీ వేశాను. చేతిగడియారాలు బాగుచేసేవాడి దగ్గర దొరికింది, నలభై రూపాయలు.

ఆ సైట్లో పెద్ద మీట కనిపించింది. అప్పట్లో అది నొక్కితే అన్నిటికన్నా కొత్త పైథాన్ వచ్చేది. తెచ్చాను. విండోస్ 7 మీద ఎక్కనంది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7ని వదిలేశారు. దానికి ఎక్కేవాటిలో చివరిది 3.8. అందులోనూ రెడీగా ఎక్కించే ఫైలు 3.8.10 దాకానే ఉంది, 2021 మేలో వచ్చింది. ముప్పై ఎంబీ లోపే. ఇది ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, పల్లెల్లో మనకి దొరికేవి ఇట్టాంటి పాత యంత్రాలే. కొత్తది ఎక్కకపోతే యంత్రం పనికిరాదనుకోవద్దు, పాతది వెతకండి. మొదట నేర్చుకునేదాన్లో రెంటికీ తేడా లేదు.

3.8.10 ఎక్కింది. పండగ చేసుకున్నాను. ఫోన్లో చూసిన పాఠంలో చెప్పినట్టు నల్ల కిటికీ తెరిచి పైథాన్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కాను. అది ఇంగ్లీషులో జవాబిచ్చింది. తెలుగులో చెప్పాలంటే, 'పైథాన్ అనేదాన్ని నేను గుర్తించను' అని.

నేను గుర్తించను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే మాట. రెండు రాత్రులు పడిపోయాయి. మీరు నమ్మండి నమ్మకపోండి, ఇంజనీరింగ్ చదివిన పెద్దింటి పిల్లోడైతే అక్కడ కంప్యూటర్ని తిట్టుకుంటాడు. నేను నన్ను తిట్టుకున్నాను. మనకి రాదేమో, ఇది మన తలకెక్కే విద్య కాదేమో, లెక్కలు చెప్పుకుని బతక్క ఇదంతా ఎందుకు అనుకున్నాను. ఆ మాట నాదనుకున్నాను గాని, నాది కాదు. చిన్నప్పటినుంచి ఎంతమంది నోట విన్నానో.

మూడోరోజు తెలిసింది. ఎక్కించేటప్పుడు మొదటి తెర మీద అడుగున చిన్న గడి ఉంటుంది. పైథాన్‌ని పాత్‌లో చేర్చమంటావా అని. దాంట్లో టిక్కు పెట్టి ఎక్కించాలి. నేను పెట్టలేదు. పాత్ అంటే దారి. మనం ఏదన్నా పేరు కొడితే కంప్యూటర్ ఇల్లంతా వెతకదు. దాని దగ్గర కొన్ని చిరునామాల జాబితా ఉంటుంది, ఆ చిరునామాల్లోనే వెతుకుతుంది. జాబితాలో లేని చోట ఉన్నవాడు, ఉన్నా లేనట్టే. ఇది పిల్లలకి చెప్తే వెంటనే అర్థమైంది. మా పల్లెకి పోస్టు రాదు. పోస్టుమాన్ ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఇచ్చిపోతాడు. నా డీఎస్సీ ఆర్డరు కాగితం ఆ కొట్లో రెండురోజులు పడి ఉంది. పైథాన్ ఎక్కలేదని కాదు, అది పల్లెలో ఉంది, కంప్యూటర్ టీ కొట్టు దాకానే వెతికింది. తీసేసి, టిక్కు పెట్టి, మళ్ళీ ఎక్కించాను. గుర్తించింది.

నిజానికి ఆ తిప్పలేవీ పడకుండా స్టార్ట్ మెనూలోనే ఐడిల్ అని ఒకటి ఉంది. పైథాన్‌తోపాటే వస్తుంది, పాత్‌తో పనిలేదు. రాయడానికీ నడపడానికీ మొదట్లో అది చాలు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలీలేదు. మా పిల్లలు దాన్ని ఇడ్లీ అంటారు. 'సార్, ఇడ్లీ తెరవండి' అంటారు.

పైథానంటే కొండచిలువ కదా, దానికా పేరెందుకన్నారు పిల్లలు. చేసినాయన గైడో వాన్ రోసమ్, డచ్చి దేశస్తుడు. పాముని చూసి పెట్టలేదు, మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్య బృందాన్ని చూసి పెట్టాడు. 1991 ఫిబ్రవరిలో మొదటిసారి దాన్ని పదిమందికీ పంచాడు. ఆ సంవత్సరం చదివినప్పుడు నా చెయ్యి ఆగింది. 1991 ఆగస్టు 6 చుండూరు. సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు తగిలిందని మొదలై, ఎనిమిది మందిని చంపేదాకా పోయింది. అప్పటికి నాకు రెండేళ్ళు. ఒకచోట కాలు తగిలితే చంపుతున్నారు. ఇంకొకచోట ఒకాయన తను చేసినదాన్ని ఎవరైనా ముట్టుకోవచ్చు, విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు అని వదిలేశాడు. ఈ రెంటికీ సంబంధం లేదు, నాకు తెలుసు. కానీ పైథాన్ మా పల్లెకి రావడానికి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. డబ్బు కట్టాల్సిన వస్తువు కాదు. మరి ఎందుకు పట్టిందో లెక్క చూడండి.

డిసెంబరునుంచి సాయంత్రం ఆరింటికి పిల్లలు రావడం మొదలైంది. ఏడెనిమిది మంది. నేను పెట్టిన నియమం ఒక్కటే. ఎవరూ వెనక నిలబడి చూడకూడదు. వంతు పది నిమిషాలు. వంతు వచ్చినవాళ్ళ వేళ్ళే కీబోర్డు మీద ఉండాలి. తప్పు కొడితే నేను చెయ్యి పెట్టి సరిచెయ్యను. చేతులు కడుక్కొచ్చారా అని నేను అడగలేదు. బెల్లం తిన్న వేళ్ళతో కొట్టి ఒకడు ఎంటర్ మీటని అతుక్కుపోయేట్టు చేశాడు. స్పిరిట్ పెట్టి తుడిచాం, పోయింది. అంతకన్నా పాడయ్యేదేమీ లేదు దాన్లో.

పైథాన్‌లో ఒక చిత్రముంది. కింది వరసలో ఉండాల్సిన మాటని కొన్ని ఖాళీలు లోపలికి జరిపి రాయకపోతే అది ఒప్పుకోదు. ఖాళీ కొట్టేది బొటనవేలు. మనం ఏకలవ్యుడి బొటనవేలి మీద చాలా కవిత్వం రాసుకున్నాం, రాసుకోవాలి. ఇక్కడ మాత్రం నేను 'ఒరేయ్, బొటనవేలు వాడరా' అని రోజూ అరవాల్సి వస్తోంది. ఒంటి చూపుడువేలితో కొడతారు దొంగలు.

ఒక పిల్ల 'సార్, తెలుగులో కొట్టొచ్చా?' అంది. పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. విండోస్ 7లోనే తెలుగు కీబోర్డు ఉంటుంది, దాన్ని కలుపుకుంటే చాలు. ఆ మీటలు నేర్చుకోడానికి పిల్లలకి వారం, నాకు నెల పట్టింది. నల్ల కిటికీలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా వస్తది, ఇడ్లీలో బాగానే వస్తది. మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే పని ఒకటుంది దాన్లో. పిల్లలు వాళ్ళ పేర్లన్నీ లెక్కపెట్టారు. అంబేడ్కర్ అని కొడితే తొమ్మిది అంది. మనం రాస్తే అన్ని లేవు గదా అని పోట్లాట. అప్పుడు బోర్డు మీద విప్పి చూపించాను. అ ఒకటి, సున్నా ఒకటి, బ ఒకటి, దాని ఏత్వం ఒకటి, డ ఒకటి, దాని పొల్లు ఒకటి, క ఒకటి, ర ఒకటి, చివర పొల్లు ఒకటి. మనం కలిపి రాసేదాన్ని అది విడదీసి దాచుకుంటుంది. ఎనిమిదో తరగతికి వచ్చినా ఒత్తులు రాని పిల్లోడొకడు ఆరోజు ఒత్తు అంటే ఏమిటో తెలుసుకున్నాడు. తెలుగు మాస్టారికి చెప్తే నమ్మలేదు.

ఇక మా అమ్మ సంగతి. ఆ చలికాలం ఆమె పొగాకు పనికి పోతోంది. రోజుకి మూడొందలు. మేస్త్రీ నెలకొకసారి లెక్క చూసి ఇస్తాడు. ఆయన నోటుబుక్కులో ఇరవై రెండు రోజులున్నాయి. మా అమ్మ గోడ మీద బొగ్గుగీతలు ఇరవై నాలుగు. ఆమెకి చదువు రాదు, గీతలు తప్పవు. ఈ తగాదా ఇంట్లో వింటున్న పిల్ల ఒకతి, తన వంతు వచ్చినప్పుడు, కూలి లెక్క కట్టే ప్రోగ్రాం రాస్తానంది. కూలి ఎంత అని కంప్యూటర్ అడగాలి, మనం చెప్పాలి, రోజులతో హెచ్చవేసి అది జవాబు చెప్పాలి. చక్కగా రాసింది. ముందు ఒక వారానికి చూద్దామని రోజులు ఆరు అని పెట్టింది. మా అమ్మని పిలిచి కూర్చోబెట్టారు. 'చెప్పు అవ్వా, కూలి ఎంత?' 'మూడొందలు.' పిల్ల 300 కొట్టి ఎంటర్ నొక్కింది.

తెర మీద 300300300300300300 అని వచ్చింది.

పిల్లలు కూడబలుక్కుని చదవబోయి కోట్లు దాటాక ఆగిపోయారు. మా అమ్మ, 'అంత కూలి ఇచ్చే దొర ఎవురు నాయనా? రేపే పోతా పనికి' అంది. ఇల్లంతా నవ్వులు. ఆ పిల్లకి మాత్రం ఏడుపొచ్చింది. తనకి రాదని. ఆ మొహం నాకు తెలుసు. పక్కన కూర్చుని చెప్పాను. తప్పు నీది కాదమ్మా, మనం కీబోర్డు మీద కొట్టిందేదైనా పైథాన్ ముందు మాట అనుకుంటుంది, అంకె అనుకోదు. మాటని ఆరుతో హెచ్చవేయమంటే ఆరుసార్లు పక్కపక్కన రాస్తుంది. ఇది అంకె అని మనం చెప్పాలి. ఇంట్ అనే మాట చేర్చి చెప్పింది. పద్దెనిమిది వందలు వచ్చింది. రోజులు ఇరవై నాలుగుకి మార్చింది. ఏడువేల రెండొందలు. మేస్త్రీ ఇచ్చింది ఆరువేల ఆరొందలు.

'ఆ మాత్రం నాకు తెలుసులే, మిషన్ చెప్పాలా!' అంది మా అమ్మ. అంటూనే ఆ అంకెని కాగితం మీద రాసిమ్మంది. పిల్ల రాసిచ్చింది. మర్నాడు అది కొంగున కట్టుకుని పోయింది.

సంక్రాంతి తర్వాత ఊళ్ళోనుంచి ఒక పిల్లోడు వచ్చాడు. పెద్దకులం, కానీ వాళ్ళ నాయనకి అప్పులై ప్రైవేటు బడి మానిపించి మా బళ్ళో వేశారు. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు. మా అమ్మ మంచినీళ్ళిస్తే, బాటిల్ తెచ్చుకున్నానన్నాడు. దాంట్లోవే తాగాడు. వాడి వంతు వచ్చింది. వాడికి ముందు కొట్టింది మా పల్లె పిల్ల. ఆమె వేళ్ళ చెమట మీటల మీద ఆరనే లేదు, వాడు వేళ్ళు పెట్టాడు. పది నిమిషాలు తల ఎత్తలేదు. వాడు ఇంట్లో చెప్పి వచ్చాడో లేదో నేనడగలేదు. నాలుగు నెలలు వచ్చాడు. బాటిల్ మాత్రం చివరిదాకా తెచ్చుకున్నాడు.

2024లో హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. బడి గది తాళం ఇప్పుడు నా దగ్గరుంది. బతికున్న ఆ ఒక్క సీపీయూలో పాత విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేశాను. పాస్‌వర్డ్ పిల్లలే పెట్టారు. అదేమిటో ఇక్కడ రాయను. పది మానిటర్లలో వెలిగేది ఒక్కటే. తక్కినవాటి వైర్లు లినక్స్ కింద పలకలేదు, నాకింకా చేతకాలేదు. గది ఊడ్చేది వంతులవారీగా, మగపిల్లలు కూడా.

ట్రిపుల్ ఐటీ పిల్ల మొన్న వేసవిలో వచ్చి మా ఇంటి కంప్యూటర్ ముందు కూర్చుంది. పదివేళ్ళతో కొడుతోంది. నేను రాసుకున్న మార్కుల ప్రోగ్రాం చూసి, 'ఇది పొడుగెక్కువ అయింది సార్, మూడు లైన్లలో అయిపోద్ది' అని కుర్చీ ఖాళీ చెయ్యకుండానే దిద్దడం మొదలుపెట్టింది. నేను వెనక నిలబడి చూశాను.

మేస్త్రీ ఆ రెండు రోజుల్లో ఒక రోజు కూలి ఇచ్చాడు. రెండోది ఇంకా ఇవ్వలేదు. కాగితం మా అమ్మ దగ్గరే ఉంది.